కారుకు గుర్రపు తుంటి ఎందుకు?

అమ్మకానికి పెట్టిన పాత అమెరికన్ కారును ఎక్కడ నిలబడి ఫొటో తీస్తారో గమనించండి. సరిగ్గా ఎదురుగా నిలబడి తీయరు, పూర్తిగా పక్క నుంచీ తీయరు. ముందు చక్రం మూలకు కాస్త దూరంగా జరిగి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించి తీస్తారు. 1970 షెవర్లే కామరో కానీ, 1971 బ్యూక్ రివియెరా కానీ, 1977 పాంటియాక్ ఫైర్‌బర్డ్ ట్రాన్స్ ఆమ్ కానీ, బొమ్మ మాత్రం ఈ కోణంలోనే ఉంటుంది. హైదరాబాదులో మా మూసారాంబాగ్, మలక్‌పేట వైపు సెకండ్‌హ్యాండ్ బండ్లు అమ్మేవాళ్ళు కూడా మంచి బండిని రోడ్డుకు ఏటవాలుగానే నిలబెడతారు. ఎటు నుంచి చూస్తే దారిన పోయేవాడి కాళ్ళు ఆగుతాయో వాళ్ళకు అనుభవం మీద తెలుసు.

ఆ ఒక్క కోణంలో మూడు సంగతులు ఒకేసారి కంటికి అందుతాయి. కారు ముఖం, దాని వెనక సాగిన బానెట్ పొడవు, చివరన వెనక చక్రం మీద ఉబ్బిన రేకు. రెండు తలుపులు, కురచ కప్పు ఉన్న కారును కూపే అంటారు. డెబ్బైల నాటి అమెరికన్ కూపేకు ఉన్న ఆకర్షణలో ముప్పాతిక వంతు ఈ మూడింటిదేనని నా నమ్మకం. పైన పూసిన రంగుకూ, అంటించిన క్రోమ్ పట్టీకీ దక్కేది మిగిలిన పావు వంతే. ఇంజను ఎక్కడుంది, అది ఏ చక్రాన్ని తిప్పుతోంది, బరువు ఎటు వాలుతుంది అన్న యంత్రం సంగతులను మన కన్ను ఆకారంలోంచి చదువుకుంటుంది. ఆ దశాబ్దం మొదలయ్యేనాటికి ఆకారం, యంత్రం ఒకే మాట మీద ఉండేవి. ముగిసేనాటికి యంత్రం మాట మార్చింది, ఆకారం మాత్రం పాత మాట మీదే నిలబడింది. ఆ కార్లను అంత శ్రద్ధగా చూడాలనిపించేది అందుకే.

మన పాఠకులకు ఈ పొడవాటి కార్లు కొత్తేమీ కాదు. యద్దనపూడి సులోచనారాణి నవలా నాయకుడు ఎలా వస్తాడని ఆ తరం ఆడపడుచులను అడిగితే, పొడుగాటి విదేశీ కారులో అనే చెబుతారు. విదేశీ కార్ల దిగుమతికి తలుపులు దాదాపు మూసుకుపోయిన రోజులవి. హైదరాబాదు రోడ్ల మీద తిరిగేవి అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్ హెరాల్డ్. పొడవాటి అమెరికన్ కారును చూడాలంటే సినిమా తెరే గతి. ఇంకొకటి ఎయిర్ మెయిల్ కవరు. 1965లో అమెరికా వలస చట్టం మారాక అక్కడికి వెళ్ళిన మన డాక్టర్లు, ఇంజనీర్లు కారును ఆనుకుని దిగిన ఫొటోలు ఇప్పటికీ ఎన్నో ఇళ్ళ ఆల్బముల్లో ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, ఒంగోలులోనో ఆ ఫొటో చేతులు మారుతుంటే పిల్లలు మొదట చూసింది మనిషిని కాదు, వెనకున్న బండిని.

ఎంత పొడవని ఆశ్చర్యపోయేవారో అంకెల్లో చూద్దాం. 1970 కామరో పొడవు 4.78 మీటర్లు, వెడల్పు 1.89 మీటర్లు, ఎత్తు 1.28 మీటర్లు. అంబాసిడర్ పొడవు 4.3, వెడల్పు 1.66, ఎత్తు 1.6 మీటర్లకు అటూ ఇటూ. అంబాసిడర్‌లో వెడల్పూ ఎత్తూ దాదాపు సమానం. కామరోలో వెడల్పు ఎత్తుకు ఒకటిన్నర రెట్లు. ఇదంతా పెట్టుకుని కామరో వెనక సీటులో చిన్నపిల్లలు తప్ప పెద్దవాళ్ళు సుఖంగా కూర్చోలేరు. అది పోనీ (పొట్టి గుర్రం) కార్లనే తరగతికి చెందినది కాబట్టి అమెరికా లెక్కలో చిన్న కారే. 1977 లింకన్ కాంటినెంటల్ మార్క్ 5 అనే రెండు తలుపుల కారు పొడవు 5.85 మీటర్లు. మూసారాంబాగ్ గల్లీల్లో దాన్ని తిప్పడానికి ముగ్గురు దారి చూపించాలి.

ముందుగా బానెట్ సంగతి. బానెట్ పొడవంటే హోదా అన్న భావం ఎక్కడ పుట్టిందో చూడాలంటే అమెరికా కార్ల ఊరు డెట్రాయిట్ దాకా వెళ్ళక్కర్లేదు, చౌమహల్లా ప్యాలెస్‌కు వెళ్తే చాలు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా తయారు చేయమని ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ అక్కడ ఉంది. 1912 నాటిది. వెనక సింహాసనంలాంటి ఆసనం ఉండటంతో అందరి కళ్ళూ అటే పోతాయి. నేను మాత్రం దాని ముందు భాగం చూడమంటాను. అందులో ఏడు లీటర్లకు పైబడిన ఇంజనుంది. ఆరు సిలిండర్లు ఒకదాని వెనక ఒకటి వరుసగా నిలబడ్డాయి. ఆ వరుసకు చోటు కావాలి కాబట్టే బానెట్ అంత పొడవు. 1920, 30ల్లో డ్యూసెన్‌బర్గ్, ప్యాకార్డ్ లాంటి అమెరికన్ కంపెనీలు ఎనిమిది సిలిండర్లను ఒకే వరుసలో పేర్చాయి, బానెట్ ఇంకా సాగింది. ఖరీదు పెరిగేకొద్దీ ముక్కు పొడవు పెరగడం రెండు తరాల కళ్ళకు అలవాటైంది.

తర్వాత వి8 ఇంజను వాడుక పెరిగింది. నాలుగు సిలిండర్లు ఒక పక్కకు, నాలుగు ఇంకో పక్కకు వాలి ఉంటాయి గనక ఎనిమిదున్నా అది నాలుగు సిలిండర్ల పొడవులోనే సర్దుకుంటుంది. ఆ లెక్కన బానెట్ తగ్గాలి. తగ్గలేదు. అలవాటైన కొలతను డిజైనర్లు వదులుకోలేదు. దీనికి గట్టి సాక్ష్యం 1966 ఓల్డ్స్‌మొబైల్ టొరొనాడో, 1967 క్యాడిలాక్ ఎల్డొరాడో. ఈ రెండు కూపేల్లో ఇంజను ముందు చక్రాలనే తిప్పుతుంది, వెనక్కి పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్ పోదు. కావాలనుకుంటే ముక్కును కురచ చేసి లోపల చోటు పెంచవచ్చు. అలా చేయకపోగా ఆ కాలపు అతి పొడవైన ముక్కులను వాటికే పెట్టారు.

ఈ పొడవును కన్ను కొలిచే పద్ధతి ఒకటుంది. ముందు చక్రం మధ్య బిందువు నుంచి అద్దం కిందికి, లేదా తలుపు మొదలయ్యే చోటికి ఎంత దూరముందో చూడండి. మారుతి 800లో ముందు చక్రం తలుపును దాదాపు తాకుతున్నట్టు ఉంటుంది. అందులో చిన్న ఇంజనును అడ్డంగా కూర్చోబెట్టారు, ముందు చక్రాలే బండిని లాగుతాయి. కామరోలో చక్రం బాగా ముందుకు జరిగి, చక్రానికీ తలుపుకూ మధ్య చాలా రేకు కనిపిస్తుంది. ఇంజనును నిలువుగా పెట్టి వెనక చక్రాలను తిప్పే కారుకు సహజంగా వచ్చే కొలత ఇది. బానెట్ ఎత్తకుండానే, ఇంజనీరింగ్ చదవకుండానే, మనిషి ఈ దూరాన్ని చూసి బండిలో దమ్ముందని అనుకుంటాడు. ఎన్నో కార్లను చూసిన కన్ను తెలియకుండానే కట్టుకున్న లెక్క అది.

ఉన్నదానికన్నా కాస్త ఎక్కువ చేసి చూపితే మరింత నచ్చడం ఎందుకు? మద్రాసులో వైద్యం చదివి అమెరికాలో స్థిరపడిన నాడీ శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, విలియం హిర్‌స్టీన్‌తో కలిసి 1999లో కళ మీద రాసిన వ్యాసంలో దీనికి ఒక వివరణ ఇచ్చారు. చతురస్రానికీ దీర్ఘచతురస్రానికీ తేడా గుర్తిస్తే తిండి పెడతామని ఎలుకకు నేర్పితే, అది తాను నేర్చుకున్న దీర్ఘచతురస్రం కన్నా ఇంకా పొడుగాటి దానికి ఎక్కువగా స్పందిస్తుంది. ఎలుక నేర్చుకున్నది పొడవు అనే సూత్రాన్ని. సూత్రాన్ని పెంచితే స్పందనా పెరుగుతుంది. మన శిల్పులు స్త్రీమూర్తి నడుమును సన్నగా, కటిని విశాలంగా చెక్కడంలోనూ రామచంద్రన్ ఈ సూత్రాన్నే చూశారు. డెబ్బైల కూపే బానెట్‌కు ఇంతకన్నా మంచి వివరణ నాకు కనిపించలేదు. బలమైన కారుకు ముక్కు పొడవని నేర్చుకున్న సమాజానికి డెట్రాయిట్ ఇంకా పొడుగాటి ముక్కును చూపించింది.

ఇక తుంటి దగ్గరికి వద్దాం. దీన్ని అర్థం చేసుకోవడానికి మూసారాంబాగ్ వాళ్ళకున్నంత వీలు ఇంకెవరికీ లేదు. పక్కనే మలక్‌పేట రేస్‌కోర్సు. గేటు తెరుచుకున్న క్షణంలో గుర్రాన్ని చూడండి. వెనక కాళ్ళు పొట్ట కిందికి ముడుచుకుంటాయి, తుంటి కండరాలు ఉబ్బుతాయి, ఛాతీ పైకి లేస్తుంది. నిలబడి ఉన్న గుర్రం బరువులో దాదాపు 60 శాతం ముందు కాళ్ళ మీద ఉంటుంది, తల, మెడ అటే కదా. ముందుకు తోసే పని మాత్రం ఎక్కువగా వెనక కాళ్ళది. వి8 కూపేలోనూ ఇదే ఏర్పాటు. బరువైన ఇనుప ఇంజను ముందుంటుంది కాబట్టి సగానికి పైగా బరువు ముందు చక్రాల మీద పడుతుంది. తోసేవి వెనక చక్రాలు. ఆ చక్రాల మీద రేకు ఉబ్బి, దానికి ముందు నడుము సన్నబడితే, మన కన్ను అక్కడ కండను చూస్తుంది. ఫోర్డ్ తన కారుకు మస్టాంగ్ అనే అడవి గుర్రం పేరు పెట్టడం, ఆ తరగతి మొత్తానికీ పోనీ కార్లన్న పేరు స్థిరపడటం ఈ ఆకారానికి బాగా నప్పాయి.

యాక్సిలరేటర్ తొక్కగానే కారు వెనక్కి కూర్చున్నట్టయి ముక్కు లేవడం కూడా కంటి భ్రమ కాదు. డ్రైవరుతో కలిపి 1,600 కిలోల కారు, గరిమనాభి నేలకు అర మీటరు పైన, రెండు ఇరుసుల మధ్య దూరం 2.74 మీటర్లు అనుకుందాం. అది సెకనుకు సెకనుకు 3 మీటర్ల త్వరణంతో దూకితే దాదాపు 90 కిలోల బరువు ముందు చక్రాల మీంచి వెనక చక్రాల మీదికి మారుతుంది. వెనక టైరు నేలను గట్టిగా పట్టుకుంటుంది, తోపు పెరుగుతుంది. ముందు చక్రాలతో లాగే కారులో ఇదే బరువు లాగాల్సిన చక్రాల మీంచి తప్పుకుంటుంది, అంటే ఫలితం తిరగబడుతుంది. కూపే ఆకారం ఆగి ఉన్నప్పుడే ఆ దూకుడు క్షణాన్ని చూపిస్తుంది. వెనక రేకు ఎత్తుగా, ముందు సన్నగా, తలుపు మీది గీత వెనక చక్రం దగ్గర పైకి లేచి ఉంటుంది.

ఈ సన్నటి నడుముకు కోక్ సీసా ఆకారమని పేరు. దానికి విమానాలతో చుట్టరికం కలిపేవాళ్ళున్నారు. ఆ చుట్టరికంలో కొంత నిజముంది. 1952లో అమెరికాలోని లాంగ్లీ ప్రయోగశాలలో రిచర్డ్ విట్‌కాంబ్ ఏరియా రూల్ అనే సూత్రాన్ని కనిపెట్టాడు. ధ్వని వేగానికి దగ్గరయ్యే విమానంలో, రెక్కలు మొదలయ్యే చోట మధ్య శరీరాన్ని సన్నబరిస్తే గాలి నిరోధం బాగా తగ్గుతుంది. ధ్వని వేగాన్ని దాటలేక మొరాయించిన ఎఫ్-102 యుద్ధవిమానం నడుము సన్నబరిచాక 1954 చివర్లో దాటింది. పదేళ్ళు తిరిగేసరికి ఆ నడుము కార్ల మీదికి వచ్చింది. గంటకు వంద కిలోమీటర్లతో పోయే కారుకు ధ్వని వేగపు సూత్రంతో పనేమీ లేదు. వేగమంటే ఈ ఆకారం అని జెట్ విమానాలు ఒక తరానికి నేర్పాయి, డిజైనర్లు ఆ పాఠాన్ని రేకు మీద రాశారు.

నిజానికి గాలి ఈ కార్లను పెద్దగా మెచ్చుకోలేదు. 1971 మస్టాంగ్ ఫాస్ట్‌బ్యాక్‌లో వెనక కప్పు కేవలం 14 డిగ్రీల వాలుతో, దాదాపు పడుకున్నట్టుగా డిక్కీ దాకా పోతుంది. వెనక అద్దంలోంచి ఆకాశం తప్ప వెనకొచ్చే బండి సరిగా కనబడదు. కప్పు వాలు మీద గాలి ప్రవర్తనను ఎస్.ఆర్. అహ్మద్, ఆయన సహచరులు 1984లో ఒక సాదా నమూనా మీద కొలిచారు. ఆ నమూనా నేటికీ కార్ల గాలి పరీక్షల్లో కొలబద్దగా ఉంది. వాలు 12 డిగ్రీల ప్రాంతంలో ఉంటే నిరోధం అతి తక్కువ. అక్కణ్ణుంచి పెరుగుతూ 30 డిగ్రీల దగ్గర శిఖరానికి చేరి, ఆ తర్వాత గాలి కప్పును పూర్తిగా వదిలేయడంతో ఒక్కసారిగా పడిపోతుంది. కాబట్టి ఆ మస్టాంగ్ వెనక వాలు చెడ్డదేమీ కాదు. ముందున్న నిట్టనిలువు గ్రిల్లు, కింద ఎగుడుదిగుడుగా తెరిచి ఉన్న అడుగు భాగం ఆ లాభాన్ని తినేసేవి.

ఇంకో లెక్క చూడండి. నిరోధ గుణకం 0.5 ఉన్న కామరోను హైదరాబాదు గాలిలో గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నడపాలంటే ఒక్క గాలిని చీల్చడానికే సుమారు 16 హార్స్‌పవర్ పోతుంది. ఈ ఖర్చు వేగపు ఘనంతో మారుతుంది. వేగం నాలుగో వంతుకు తగ్గితే ఖర్చు 64 రెట్లు తగ్గుతుంది. మూసారాంబాగ్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సాయంత్రం పూట 25 కిలోమీటర్ల వేగం దొరకడమే గగనం. ఆ వేగంలో గాలికి పోయేది పావు హార్స్‌పవర్. కారు ఆకారం అక్కడ గాలి కోసం చేసేది ఏమీ లేదు, చేసే పనంతా చూసేవాళ్ళ కంటిలోనే.

కంటిలో ఆ పని చేసేది ముఖ్యంగా మెరుపు. జనరల్ మోటార్స్‌లో 1927లో హార్లీ ఎర్ల్ డిజైన్ విభాగాన్ని చేపట్టినప్పటి నుంచీ అక్కడ కారును ముందుగా నిలువెత్తు బంకమట్టి నమూనాగా మలిచేవారు. మట్టి మెరవదు గనక దాని మీద పలచటి మెరిసే పొర అతికించి, దీపాల ప్రతిబింబం ఎలా పారుతుందో చూసేవారు. ప్రతిబింబం నీటి ధారలా సాగితే సరే, ఎక్కడైనా తెగినా వణికినా మట్టిని మళ్ళీ చెక్కాల్సిందే. ఇది అనవసరపు చాదస్తం కాదని తర్వాతి పరిశోధన చెప్పింది. మెరిసే వస్తువు మీద ప్రతిబింబం సాగిన తీరును బట్టే మెదడు దాని వంపులను అంచనా వేస్తుందని రోలాండ్ ఫ్లెమింగ్, ఆంటోనియో టొర్రాల్బా, ఎడ్వర్డ్ ఆడెల్సన్ 2004లో చూపించారు. వంపు తక్కువున్న దిక్కులో ప్రతిబింబం పొడుగ్గా సాగుతుంది, ఎక్కువున్న దిక్కులో నొక్కుకుపోతుంది. కూపే నడుము దగ్గర సన్నటి వెలుగు గీత తుంటి మీదికి వచ్చి వెడల్పయ్యేది ఇందుకే. ఎర్ల్ తర్వాత 1958 నుంచి 1977 దాకా ఆ విభాగాన్ని నడిపిన బిల్ మిచెల్ హయాంలో ఈ విద్య పరాకాష్ఠకు చేరింది. వెనక అద్దం పడవ కొసలా మొనదేలిన 1971 రివియెరాను జెర్రీ హిర్ష్‌బర్గ్ గీశాడు. ఆ దశాబ్దపు కార్లలో ఒక్కటి చూపమంటే నేను దాన్నే చూపిస్తాను.

ముఖం సంగతి క్లుప్తంగా. కార్ల ముందు భాగాన్ని మనుషులు ముఖంగానే చదువుతారని సోన్యా విండ్‌హేగర్ బృందం వియన్నాలో చేసిన పరిశోధన 2008లో వెలువడింది. వెడల్పుగా, నేలకు దగ్గరగా, దీపాలు ఇరుకుగా ఉన్న కార్లకు జనం బలం, పెద్దరికం అంటగట్టారు. గుండ్రటి కళ్ళున్నవాటిని పసివిగా చూశారు. తర్వాత ఇథియోపియాలో, కారు ప్రకటనల హోరు పెద్దగా లేని పల్లెవాసులను అడిగినా జవాబులు దాదాపు కలిశాయి. మన దగ్గర కొత్త కారుకు నిమ్మకాయలు కట్టి, బొట్టు పెట్టి, హారతిచ్చేటప్పుడు ఏ వైపు నిలబడతామో తెలిసినవాళ్ళకు ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు.

ఇలా పొందిగ్గా కుదిరిన బొమ్మ మీద 1970 తర్వాత దెబ్బ మీద దెబ్బ పడింది. ఆ దెబ్బల్లో ఎక్కువ వేసినవి న్యాయమైన చట్టాలే. 1970లో స్వచ్ఛ వాయు చట్టం వచ్చింది. సీసం లేని పెట్రోలుకు సిద్ధమవుతూ 1971 నుంచి జనరల్ మోటార్స్ ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తిని తగ్గించింది. 1973 నమూనాల నుంచి గంటకు 5 మైళ్ళ వేగంతో గుద్దుకున్నా ముందున్న దీపాలు, భద్రతా భాగాలు దెబ్బతినకూడదన్నారు, మరుసటి ఏడాది వెనక్కీ అదే నియమం. అదే 1973 అక్టోబరులో చమురు ఆంక్షలు మొదలయ్యాయి. 1975 నుంచి చాలా కార్లకు పొగగొట్టంలో క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చింది.

క్యాడిలాక్ ఎల్డొరాడోను చూస్తే ఫలితం తెలుస్తుంది. 1970లో దాని 8.2 లీటర్ల ఇంజను 400 హార్స్‌పవర్ అన్నారు. 1976లో అదే 8.2 లీటర్లకు 190. ఈ పతనంలో ఒక భాగం కొలతల మార్పు. పాత లెక్క బల్ల మీద విడిగా పెట్టిన ఇంజనుది, 1972 నుంచి వచ్చిన కొత్త లెక్క ఫ్యాను, ఆల్టర్నేటర్, సైలెన్సరు బిగించిన ఇంజనుది. కంప్రెషన్ తగ్గడం వల్ల పోయింది మనం అనుకునేంత కాదు. ఆదర్శ సూత్రం ప్రకారం నిష్పత్తి 10 నుంచి 8.5కు దిగితే సామర్థ్యం 60 శాతం నుంచి 57.5కు తగ్గుతుంది. మిగతాది నిప్పురవ్వ వేళలు, మిశ్రమం, పొగదారిలో పెట్టిన అడ్డంకులు తినేశాయి. ఏది ఎంత తిన్నా, బానెట్ మాత్రం అంగుళం తగ్గలేదు.

బంపర్ చట్టం ముఖాన్నే మార్చింది. 1970 కామరో ఖరీదైన రకంలో బంపర్ రెండు ముక్కలుగా గ్రిల్లుకు అటూ ఇటూ ఉండేది, మధ్యలో ముక్కు నేరుగా ముందుకొచ్చేది. 1974లో అడ్డంగా అల్యూమినియం దూలం వచ్చి కారు దాదాపు ఏడంగుళాలు పెరిగింది. కప్పు సంగతి ఇంకా లోతైనది. అంతకుముందు చాలా కూపేల్లో అద్దాలు దించితే మధ్యలో నిలువు పిల్లర్ ఉండేది కాదు, ముందు నుంచి వెనక దాకా ఒకటే ఖాళీ. కారు బోల్తా పడితే కప్పు నలగకూడదన్న ప్రమాణం 1973 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది. జనరల్ మోటార్స్ 1973 నమూనాల్లోనే పిల్లర్‌ను తెచ్చింది. పిల్లర్ వెనక వెడల్పాటి రేకు, ఆ రేకులో కిటికీ అనిపించుకోవడానికి ఒక చిన్న అద్దం, దాని చుట్టూ తోలును పోలిన వినైల్ కప్పు. 1975 క్రైస్లర్ కార్డోబా ఈ ధోరణికి మంచి నమూనా. ఆ చిన్న కిటికీని చూసి గుర్రపు బగ్గీల రాజసం అని ప్రకటనలు మురిశాయి. దాని వెనక నిబంధన చెయ్యి కూడా ఉంది.

జనం కొనడం మానేశారా? లేదు. చమురు సంక్షోభం వెళ్ళీ వెళ్ళకముందే, 1976లో అమెరికాలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైంది ఓల్డ్స్‌మొబైల్ కట్లాస్. 1977లో స్మోకీ అండ్ ద బ్యాండిట్ సినిమా వచ్చాక నల్లటి ట్రాన్స్ ఆమ్ కోసం ఎగబడ్డారు. ఆ ఏడాది దాదాపు 69 వేలు, మరుసటి ఏడాది 93 వేలకు పైగా తయారయ్యాయి. 1977 బండిలో 6.6 లీటర్ల మేలు రకం ఇంజనుకు కూడా 200 హార్స్‌పవరే. కొన్నవాళ్ళు మోసపోయారని నేననుకోను. ఆ ఆకారాన్ని రోజూ వాకిట్లో చూసుకోవడానికే డబ్బిచ్చారు, అది వాళ్ళకు దక్కింది.

దశాబ్దం చివరికి వంపులు పోయి అంచులు పదునెక్కాయి. మార్క్ 5 తలుపు కత్తితో కోసినట్టుంటుంది. జర్మనీలోని బాంబెర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లాస్-క్రిస్టియన్ కార్బన్ 1950 నుంచి యాభై ఏళ్ళ కార్లను పరిశీలించి 2010లో ప్రచురించిన పని ఇక్కడ ఉపయోగపడుతుంది. కార్ల వంపులు తగ్గుతూ వచ్చి ఎనభైల్లో అడుగుకు చేరి మళ్ళీ పెరిగాయి. మన ఇష్టం కూడా చూస్తూ ఉన్నదాన్ని బట్టి జరుగుతూ ఉంటుంది. అరవైలు, డెబ్బైల సంధిలో పుట్టిన కూపే వంపులు ఇప్పుడు మళ్ళీ కంటికి ఆనడంలో ఈ చక్రానికీ వాటా ఉంది.

ఇంత అందం మన దేశంలో ఎందుకు నిలవలేదన్నదానికి స్టాండర్డ్ హెరాల్డ్ కథే జవాబు. ఇటలీ డిజైనర్ జొవాన్నీ మికెలొట్టి గీసిన ఆ కారును మద్రాసులో 1961 నుంచి రెండు తలుపులతోనే తయారు చేశారు. ముందు సీటు మడిచి, వంగి, నడుము తిప్పి వెనక్కి వెళ్ళాలి. పట్టుచీర కట్టిన అత్తగారిని, మోకాళ్ళ నొప్పుల తాతగారిని అలా ఎక్కించగలిగిన ఇల్లు ఏది? 1968లో అదే కంపెనీ నాలుగు తలుపుల హెరాల్డ్ తెచ్చింది. 2024లో వచ్చిన టాటా కర్వ్, సిట్రోయెన్ బసాల్ట్ ఈ చిక్కును ఇంకోలా విప్పాయి. తలుపులు నాలుగు ఉంచి, నేలకు ఎత్తుగా నిలబెట్టి, కప్పును మాత్రం వెనక్కి జార్చాయి. దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తాలో అవి కనబడితే వెనక సగం మీద చెయ్యి అడ్డుపెట్టి చూడండి, ముందు సగం మామూలు ఎస్‌యూవీనే. కూపే అనిపించేదంతా ఆ జారిన కప్పూ, వెనక చక్రం మీది ఉబ్బూ.

అసలు డెబ్బైల కూపేనే కావాలనుకునేవాళ్ళకు నాలుగు మాటలు. వినైల్ కప్పున్న కారైతే వెనక అద్దం కింది రెండు మూలలనూ వేలితో నొక్కాలి. తోలు కింద చేరిన తేమ బయటికి పోలేక రేకును లోపల్నుంచి తింటుంది, బుడగలు కనిపించాయంటే తుప్పు అప్పటికే చాలా దూరం పోయినట్టు. తుంటి మీద, చక్రపు గూళ్ళ అంచుల్లో అయస్కాంతం పెట్టి చూడాలి. అక్కడ అంటకపోతే పెయింటు కింద పుట్టీ దట్టంగా ఉందని అర్థం, ఆ వంపును అసలు వంపులా తిరిగి తేవడం ఏ డెంటింగ్ మేస్త్రీకైనా కష్టం. కామరో, మస్టాంగ్‌లకు కొత్తగా అచ్చుపోసిన రేకు భాగాలు దొరుకుతాయి, రివియెరాకు అంత తేలిక కాదు. మన బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది కాబట్టి పాత రబ్బరు పైపులు, కార్బ్యురేటర్ వాషర్లు ముందే మార్పించుకోవాలి. లేకపోతే అవి ఉబ్బి, పగిలి కారతాయి. వేడెక్కిన ఇంజను పక్కన పెట్రోలు పైపులోనే ఆవిరై, సిగ్నలు దగ్గర బండి ఆగిపోయే ఇబ్బంది మే నెలలో తప్పదు.

కాగితాల సంగతీ ఉంది. దిగుమతికి విడిగా నియమాలు, భారీ సుంకం ఉన్నాయి. స్టీరింగ్ ఎడమ వైపున ఉంటే, మోటారు వాహన చట్టం 120వ సెక్షన్ ప్రకారం మలుపు సంకేతాలిచ్చే యాంత్రిక లేదా విద్యుత్ పరికరం పనిచేస్తూ ఉండాలి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటి, చాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలోనే ఉన్న కారును 2021 జూలైలో వచ్చిన కేంద్ర నియమాల కింద వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్ళు, నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. 1970 నాటి కార్లు ఈ గీత దాటేశాయి, ఆ దశాబ్దపు మిగతావి ఏడాదికేడాది దాటుతూ వస్తున్నాయి. అలా నమోదైన బండిని రోజూ ఆఫీసుకు తిప్పకూడదు, కిరాయికి పెట్టకూడదు. ప్రదర్శనకు, వింటేజ్ ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, మరమ్మతుకు, పెట్రోలు పోయించడానికి మాత్రం రోడ్డెక్కించవచ్చు.